చుక్క ముట్టని 'తాగుబోతు': 26 రూపాయల జీతం నుంచి 300 సినిమాల దాకా జానీ వాకర్ ప్రస్థానం

పాత హిందీ సినిమాలు చూసే ఇళ్లలో జానీ వాకర్ అంటే తెలియనివాళ్లు ఉండరు. సన్నటి మీసం, ముక్కులోంచి వచ్చే కీచు గొంతు, అటూ ఇటూ తూలే నడక. ఆయన తెర మీదికి రాగానే హాల్లో నవ్వులు మొదలయ్యేవి. దాదీ, నానీల తరం ఇప్పటికీ ఆయన పేరు వింటే చిన్నగా నవ్వుకుంటారు.

అయితే ఆ పేరు ఆయన తల్లిదండ్రులు పెట్టింది కాదు. అసలు పేరు బద్రుద్దీన్ జమాలుద్దీన్ ఖాజీ. తెర పేరేమో విస్కీ సీసా మీదది. తాగుబోతు వేషాలతో దేశమంతటికీ పరిచయమైన ఈ మనిషి నిజ జీవితంలో మద్యం ముట్టనే లేదు. పెద్ద కుటుంబాన్ని భుజాన వేసుకుని, నెలకు 26 రూపాయల జీతంతో మొదలుపెట్టి, దాదాపు 300 సినిమాలు చేశారు. చివరకు తనకు నచ్చని హాస్యం చేయాల్సి వస్తుందంటే ఆ సంపాదనే వద్దనుకుని పక్కకు తప్పుకున్నారు.

మిల్లు మూతపడింది, ఇల్లు కదిలింది

బద్రుద్దీన్ 1920ల మధ్యలో ఇండోర్‌లో పుట్టారు. అప్పట్లో ఇండోర్ అంటే బట్టల మిల్లుల ఊరు. సైరన్ మోగితే ఊరు లేచేది, సైరన్ మోగితే ఇంటికి చేరేది. ఆయన అబ్బాజాన్ కూడా మిల్లు మనిషే. ఇంట్లో పిల్లలు పది మందికి పైనే. అంత మందికీ ఆ మిల్లు జీతమే ఆధారం.

ఆ మిల్లు మూతపడింది. నెల జీతం మీద బతికే ఇంట్లో పని పోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పిల్లల్ని, సామాను మూటల్ని వెంటబెట్టుకుని కుటుంబం బొంబాయి దారి పట్టింది. ఇంటి పెద్ద కొడుకుల్లో ఒకడైన బద్రుద్దీన్ చదువు ఆరో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఆ వయసులో పుస్తకాలు పట్టుకోవాల్సిన చేతులు అమ్మకానికి సరుకు పట్టుకున్నాయి.

బొంబాయి వీధుల్లో ఆయన అమ్మనిది లేదు. ఎండాకాలం పుల్ల ఐసు అమ్మారు. పళ్లు అమ్మారు, కూరగాయలు అమ్మారు. ఏది చేతికి దొరికితే అది. సాయంత్రానికి నాలుగు డబ్బులు ఇంటికి చేరితే ఆ పూట పొయ్యి వెలిగేది. వీధిలో అమ్మేవాడికి గొంతు ఉండాలి, మాట ఉండాలి, మనిషిని ఆపి నవ్వించే చమత్కారం ఉండాలి. ఏ నటనా బడికీ వెళ్లని ఆ కుర్రాడికి ఆ వీధులే బడి అయ్యాయి.

మనసు మాత్రం సినిమాల మీదే. ఆ రోజుల్లో నూర్ మొహమ్మద్ చార్లీ అనే హాస్యనటుడికి హిందీ సినిమాల్లో మంచి పేరుండేది. చార్లీ చాప్లిన్ మీద అభిమానంతో పేరు పక్కన చార్లీ అని పెట్టుకున్న నటుడాయన. బద్రుద్దీన్‌కు ఆయనంటే పిచ్చి. తెర మీద చూసిన విన్యాసాలు ఇంటికొచ్చి చేసి చూసుకునేవాడు.

టికెట్టు కొట్టే చేతులు, నవ్వించే నోరు

వీధి అమ్మకాల తర్వాత దొరికిన కాస్త నిలకడైన పని బస్సు కండక్టర్ ఉద్యోగం. బొంబాయిలో బస్సులు, ట్రాములు, కరెంటు సరఫరా అన్నీ చూసుకునేది బెస్ట్ సంస్థ. 1947 ఆగస్టులో ఆ సంస్థ నగర కార్పొరేషన్ చేతికొచ్చింది. అందులో కండక్టర్‌గా ఆయన జీతం నెలకు 26 రూపాయలు.

26 రూపాయలు చిన్న మొత్తమే. కానీ నెల తిరిగేసరికి ఖాయంగా వచ్చే మొత్తం. వాన పడితే ఐసు అమ్ముడుపోదు, ఎండ పెరిగితే కూర వాడిపోతుంది. జీతానికి ఆ బెంగ లేదు. అంత మంది తిండికి అదొక ఆసరా అయింది.

ఖాకీ బట్టలు వేసుకుని, భుజాన తోలు సంచీ తగిలించుకుని ఆయన బస్సెక్కితే ప్రయాణికులకు కాలక్షేపం దొరికినట్టే. స్టాపు పేరు ఊరికే చెప్పడు. దానికో వరస కట్టి, గొంతు మార్చి, మిమిక్రీ చేసి చెప్పేవాడు. దిగాల్సినవాళ్లు దిగడం మర్చిపోయేంతగా నవ్వించేవాడు. బొంబాయి బస్సుల్లో ఎప్పుడో ఒకప్పుడు సినిమా మనుషులు ఎక్కకపోతారా, ఎవరో ఒకరి కంట పడకపోతానా అన్నది ఆయన ఆశ. సెలవు దొరికినప్పుడు స్టూడియోల చుట్టూ తిరిగి, గుంపులో నిలబడే వేషాలు కూడా వేశాడు.

ఆశ ఫలించింది. కంట పడింది బల్‌రాజ్ సహానీకి. సహానీ అప్పటికే నాటకరంగంలో పేరున్న మనిషి, చదువుకున్నవాడు, రచయిత. ఆ సమయంలో నవకేతన్ సంస్థ కోసం 'బాజీ' అనే సినిమాకు స్క్రీన్‌ప్లే, మాటలు రాస్తున్నారు. దానికి దర్శకుడు గురుదత్, హీరో దేవానంద్. పుణెలో ప్రభాత్ స్టూడియోలో పనిచేసిన రోజుల్లోనే ఈ ఇద్దరూ దోస్తులు. ఎవరికి ముందు అవకాశం వస్తే వాళ్లు రెండోవాళ్లను పైకి తేవాలని మాట ఇచ్చుకున్నారు. దేవానంద్ సొంత సంస్థ పెట్టుకుని ఆ మాట నిలబెట్టుకున్నాడు. అలా గురుదత్ మొదటిసారి దర్శకుడయ్యాడు.

ఆఫీసులోకి వచ్చిన తాగుబోతు

సహానీ ఊరికే సిఫారసు ఉత్తరం రాసి పంపలేదు. వేరే ఉపాయం చెప్పారు. గురుదత్, దేవానంద్ కూర్చుని ఉన్నప్పుడు తాగినవాడిలా నటిస్తూ నేరుగా ఆఫీసులోకి వెళ్లమన్నారు.

బద్రుద్దీన్ అలాగే వెళ్లాడు. తూలుతూ లోపలికొచ్చాడు. అక్కడున్నవాళ్లను పలకరించాడు, ఏడిపించాడు, హీరోని కూడా వదల్లేదు. మొదట అందరూ నవ్వారు. కాసేపటికి ఆగడం శ్రుతి మించుతోందనిపించి గురుదత్‌కు కోపం వచ్చింది. మనుషుల్ని పిలిచి బయటికి గెంటించబోయాడు. అప్పుడు సహానీ అసలు సంగతి చెప్పారు. చెప్పగానే ఆ తాగుబోతు నిటారుగా నిలబడి సలాం చేశాడు. కళ్లలో మత్తు లేదు, మాటలో తడబాటు లేదు.

గురుదత్‌కు మతి పోయింది. సినిమాకు అప్పటికే పాత్రలన్నీ రాసేసినా ఈ కుర్రాడి కోసం ఒక వేషం చేర్చారు. 1951లో 'బాజీ' విడుదలైంది, బాగా ఆడింది. బస్సు కండక్టర్ సినిమా నటుడయ్యాడు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. తాగినవాడు తూలడం ఎవరైనా చేసి చూపిస్తారు. కానీ నిజంగా తాగినవాడు తూలాలని చూడడు. తూలకుండా ఉండాలని చూస్తాడు. తాను తాగలేదని ఎదుటివాళ్లను నమ్మించాలని తంటాలు పడతాడు. అందులోనే నవ్వు పుడుతుంది. బద్రుద్దీన్ పట్టుకున్నది సరిగ్గా ఆ తంటానే. అది తాగి నేర్చుకున్నది కాదు. వీధుల్లో, బస్సుల్లో మనుషుల్ని కనిపెట్టి చూసి నేర్చుకున్నది.

ఖాజీ ఇంటి అబ్బాయికి ఈ పేరా?

తెరకు పేరు కావాల్సొచ్చింది. ఆఫీసులో చూసిన తాగుబోతు నటన గురుదత్ మనసులోంచి పోలేదు. అప్పట్లో పేరున్న ఒక స్కాచ్ విస్కీ పేరే ఖాయం చేశారు. అలా బద్రుద్దీన్ ఖాజీ జానీ వాకర్ అయ్యాడు.

పేరులోని విడ్డూరం ఆ ఊరికీ ఆ కాలానికీ మరింత సరిపోయింది. 1949లో బొంబాయి ప్రభుత్వం మద్యనిషేధ చట్టం చేసింది. కొనాలన్నా తాగాలన్నా పర్మిట్ కావాలి. ఊళ్లో విస్కీ సీసాకు చోటు లేని రోజుల్లో ఆ సీసా పేరు సినిమా పోస్టర్ల మీద పెద్ద అక్షరాలతో కనిపించేది.

పైగా ఆ పేరు మోసింది ఎవరు? ఖాజీ అని ఇంటి పేరున్న కుటుంబంలోని అబ్బాయి. జీవితమంతా మద్యం జోలికి పోలేదని ఆయనే చెప్పుకున్నారు, ఆయనను ఎరిగినవాళ్లూ అదే చెప్పారు. వేషం వేరు, మనిషి వేరు అన్న గీతను ఆయన ఎన్నడూ చెరుపుకోలేదు. స్టూడియోలో దీపాలు ఆరగానే జానీ వాకర్ అక్కడే ఉండిపోయేవాడు, ఇంటికి బద్రుద్దీనే వెళ్లేవాడు.

రాసిన మాట, అప్పటికప్పుడు పుట్టిన మాట

'బాజీ' తర్వాత గురుదత్ ఆయన్ను వదల్లేదు. 'జాల్', 'ఆర్ పార్', 'మిస్టర్ అండ్ మిసెస్ 55', 'ప్యాసా', 'కాగజ్ కే ఫూల్' ఇలా వరసగా తన సినిమాల్లో వేషాలిచ్చాడు. 'ఆర్ పార్' నుంచి గురుదత్ సినిమాలకు మాటలు రాసింది అబ్రార్ అల్వీ. వీధిలో మనిషి ఎలా మాట్లాడతాడో అలాగే రాయాలన్నది అల్వీ పట్టుదల. పార్సీ పార్సీలా, పంజాబీ పంజాబీలా, బొంబాయి టాక్సీవాలా టాక్సీవాలాలా మాట్లాడాలి. జానీ వాకర్‌కు ఇది కొట్టిన పిండి. బస్సులో ఆయన ఈ యాసలన్నీ విన్నవాడే కదా.

కథ, మాటలు రాసే పని ఆయనది కాదు. అయినా తెర మీద ఆయన నోట వినిపించిన మాటల్లో ఆయన సొంతవి చాలానే ఉండేవి. గురుదత్ పద్ధతి అలాంటిది. సన్నివేశం ఇదీ, మాటలు ఇవీ అని చెప్పి, ఇంతకన్నా బాగా చేయగలిగితే చెయ్యమని వదిలేసేవాడు. ప్రతి రిహార్సల్‌లో జానీ వాకర్ కొత్తదేదో కలిపేవాడు. గురుదత్ ఆయన వైపు కాకుండా చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసేవాడు. లైట్లు పట్టుకునే కుర్రాళ్లు నవ్వారా, కెమెరా దగ్గరివాళ్లు నవ్వారా? నవ్వితే ఆ మాట ఉంటుంది, లేదంటే పోతుంది. రేపు హాల్లో నేల టికెట్టు కొని కూర్చునేవాడు కూడా వీళ్లలాంటివాడే అన్నది ఆ ఇద్దరికీ తెలుసు.

ఆయన మీద ఒక పాట ఉండాల్సిందే

హాస్యనటుడికి పాట ఉండటం ఆ రోజుల్లో కొత్తేమీ కాదు. కానీ జానీ వాకర్ విషయంలో అది షరతు దాకా వెళ్లింది. సినిమా కొనే డిస్ట్రిబ్యూటర్లు ఆయన మీద ఒక పాట ఉందా లేదా అని అడిగేవాళ్లు. ఉంటే సినిమాకు గిరాకీ. ఆ పాటలకు ఎక్కువగా గొంతునిచ్చింది మొహమ్మద్ రఫీ సాబ్. హీరోకు ఒకలా, జానీ వాకర్‌కు మరోలా పాడేవారు. కళ్లు మూసుకుని వింటే జానీ వాకరే పాడుతున్నాడనిపించేది.

1956లో వచ్చిన 'సీఐడీ'లో ఆయన జేబుదొంగ. బొంబాయి బతుకు ఎంత కష్టమో నవ్వుతూ చెప్పే పాట ఆ సినిమాలో ఆయన మీదే తీశారు. ఆ రోడ్ల మీద టికెట్లు కొట్టిన మనిషే ఆ పాటకు పెదవులు కలపడం చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. మన తెలుగువాళ్లకు ఆ సినిమాతో మరో బంధం కూడా ఉంది. తెలుగులో 'రోజులు మారాయి' సినిమాలో డాన్సు చేసి పేరు తెచ్చుకున్న వహీదా రెహమాన్ హిందీ తెరకు పరిచయమైంది 'సీఐడీ'తోనే. గురుదత్ ఆమెను మొదట గమనించింది హైదరాబాద్ వచ్చినప్పుడే.

మరుసటి ఏడాది 'ప్యాసా' వచ్చింది. అందులో ఆయన అబ్దుల్ సత్తార్. కలకత్తా పార్కుల్లో నూనె సీసాలు పట్టుకుని తిరుగుతూ తలకు మర్దనా చేసే పేదవాడు. సాహిర్ లుధియాన్వీ రాసి, ఎస్.డి. బర్మన్ బాణీ కట్టి, రఫీ పాడిన ఆ మర్దనా పాట ఇప్పటికీ రేడియోలో వస్తూనే ఉంటుంది. సినిమా మొత్తం బాధ, చీకటి. కవిని సొంత అన్నదమ్ములే కాదంటారు, దోస్తులు అమ్ముకుంటారు. చివరకు పిచ్చాసుపత్రిలో పడి ఉన్న కవిని బయటికి తెచ్చేది ఈ అబ్దుల్ సత్తారే. హాస్య పాత్రే, కానీ కథలో నమ్మకంగా నిలబడిన కొద్దిమందిలో ఒకడు.

అదే 1957లో బి.ఆర్. చోప్రా 'నయా దౌర్'లో బొంబాయి నుంచి పల్లెకొచ్చిన పత్రికా విలేకరి వేషం. 1958లో బిమల్ రాయ్ 'మధుమతి'లో దిలీప్ కుమార్ పక్కన చరణ్ దాస్. 'మధుమతి'కి ఆయనకు ఉత్తమ సహాయ నటుడిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. 1968లో వచ్చిన 'షికార్' సినిమాకు ఉత్తమ హాస్యనటుడి అవార్డు అందుకున్నారు. ఇక పేరు ఎంత దూరం వెళ్లిందంటే 1957లో 'జానీ వాకర్' అన్న పేరుతోనే ఒక సినిమా వచ్చింది, అందులో హీరో ఆయనే.

లక్నో ముస్లిం ఇళ్ల నేపథ్యంలో వచ్చిన సినిమాల్లోనూ ఆయన ముద్ర ఉంది. 1960లో వచ్చిన 'చౌద్‌వీ కా చాంద్'లో గురుదత్, రెహమాన్‌లతో పాటు ముగ్గురు దోస్తుల్లో ఒకరు ఆయన. అంతకుముందు ఏడాది 'కాగజ్ కే ఫూల్' ఆడక గురుదత్ బాగా నష్టపోయాడు. 'చౌద్‌వీ కా చాంద్' ఘనవిజయమే ఆ సంస్థను నిలబెట్టింది. 1963 నాటి 'మేరే మెహబూబ్'లో కూడా జానీ వాకర్ ఉన్నారు. ఆ సినిమాల ఉర్దూ మాటల్లోని నాజూకుతనం, అందులోనే ఆయన చేసిన అల్లరి కలిసి చాలా ఇళ్లలో ఆ సినిమాలకు ప్రత్యేక స్థానం తెచ్చిపెట్టాయి.

నూర్‌తో నికాహ్

1954లో 'ఆర్ పార్' షూటింగ్‌లో ఆయనకు నూర్ పరిచయమయ్యారు. ఆ సినిమాలో నటించిన ప్రముఖ నటి షకీలాకు నూర్ చెల్లెలు. 'ఆర్ పార్'లో జానీ వాకర్ పక్కన నటించారు. ఇద్దరూ ఇష్టపడ్డారు. అమ్మాయి తరఫువాళ్లకు ఈ సంబంధం నచ్చలేదు. అయినా నికాహ్ జరిగింది.

ఆ బంధం చివరిదాకా నిలిచింది. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. కొడుకుల్లో నాసిర్ ఖాన్ తర్వాత నటుడయ్యారు, టీవీ సీరియళ్లలో కనిపించారు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన బాధ మాత్రం జానీ వాకర్‌ను వదల్లేదు. తనకు దక్కనిది పిల్లలకు దక్కాలని కొడుకులను అమెరికా పంపి చదివించారు. తూలుతూ నవ్వించి సంపాదించిన డబ్బు చివరకు ఫీజులుగా మారింది. పది మందికి పైగా పిల్లలున్న ఇంట్లో ఆకలి చూసి పెరిగిన మనిషికి డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుసు.

ఆదివారం సెలవు

పేరు పెరిగిన కొద్దీ సినిమాలూ పెరిగాయి. హీరోకు ఒక సినిమాకు నెలల తరబడి పని ఉంటుంది. హాస్యనటుడి భాగం కొద్ది రోజుల్లో అయిపోతుంది. కాబట్టి ఏడాదిలో చాలా సినిమాలు చేయొచ్చు. పొద్దున ఒక స్టూడియో, సాయంత్రం మరొకటి. డేట్లు కలిసిపోకుండా, డబ్బు లెక్కలు తప్పకుండా చూసుకోవడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అందుకే ఆయన సెక్రటరీని పెట్టుకున్నారు. హిందీ సినిమాల్లో నటుడు సెక్రటరీని పెట్టుకోవడం ఆయనతోనే మొదలైందని చెబుతారు.

మరో నియమం కూడా పెట్టుకున్నారు. ఆదివారం షూటింగ్ చేయరు. నిర్మాత ఎవరైనా సరే. ఇప్పుడిది మామూలుగా అనిపించొచ్చు. రోజు రోజుకీ డబ్బు రాలే పరిశ్రమలో, అదీ గిరాకీ మీదున్నప్పుడు వారంలో ఒక రోజు సంపాదన వదులుకోవడం చిన్న విషయం కాదు. ఆ రోజు ఇంటిది, భార్యాపిల్లలది.

ఆయన జాగ్రత్త విలువ తెలియాలంటే భగవాన్ దాదా సంగతి చూడాలి. ఆయనా మిల్లు కార్మికుడి కొడుకే, ఆయనా నవ్వించినవాడే. 'బాజీ' వచ్చిన 1951లోనే భగవాన్ దాదా 'అల్బేలా' వచ్చింది, దేశాన్ని ఊపేసింది. జుహూలో 25 గదుల బంగళా, వారంలో రోజుకొకటి చొప్పున ఏడు కార్లు. తర్వాత సొంత సినిమాల మీద పెట్టిన డబ్బు పోయింది. కార్లు పోయాయి, బంగళా పోయింది. దాదర్‌లోని ఇరుకు చాల్‌కు తిరిగొచ్చి, 2002లో అక్కడే కన్నుమూశారు. ఆయనలో కళ తక్కువేమీ కాదు. సినిమా డబ్బు ఎంత వేగంగా వస్తుందో అంతే వేగంగా పోగలదని చెప్పడానికి ఆ జీవితమే సాక్ష్యం.

జానీ వాకర్ మరో దారి ఎంచుకున్నారు. సినిమాలతో పాటు రత్నాలు, రంగురాళ్ల వ్యాపారం పెట్టుకున్నారు. అది బాగా నడిచింది. అందువల్ల ఒక స్వేచ్ఛ వచ్చింది. వేషం దొరక్కపోతే ఇల్లు గడవదన్న భయం లేకుండా పోయింది. నచ్చని వేషానికి కాదు అని చెప్పే ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

వద్దనుకున్న సంపాదన

1964 అక్టోబర్ 10న గురుదత్ వెళ్లిపోయారు. వయసు 39. జానీ వాకర్‌కు పేరు పెట్టినవాడు, మాట కలుపుకునే స్వేచ్ఛ ఇచ్చినవాడు లేకుండా పోయాడు. బిమల్ రాయ్ కూడా 1966లో కన్నుమూశారు. కాలం మారుతోంది. మెహమూద్ వంటి కొత్త హాస్యనటులు దూసుకొచ్చారు. 'ప్యాసా', 'సీఐడీ' సినిమాల్లో చిన్న వేషాలు వేసిన మెహమూద్ 1960ల్లో హీరోలతో సమానంగా పోస్టర్ల మీదికెక్కారు.

పోటీ ఒక్కటే అయితే ఆయన తట్టుకునేవారేమో. మారింది హాస్యమే. రెండర్థాల మాటలు, వెకిలి చేష్టలు పెరిగాయి. కథతో పని లేకుండా హాస్యనటుడిని విడిగా అతికించడం మొదలైంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమాలో తన నోట అలాంటి మాట రాకూడదన్నది ఆయన లెక్క. దాదాపు 300 సినిమాలు చేస్తే, అసభ్యమని సెన్సార్ వాళ్లు తన మాట ఒక్కటి కూడా కోయలేదని ఆయన గర్వంగా చెప్పుకునేవారు. అవార్డుల కన్నా ఆ లెక్కే ఆయనకు ఎక్కువ.

అందుకే వేషాలు తగ్గించుకున్నారు. ఎవరూ తోసేయకముందే మెల్లగా తప్పుకున్నారు. 1980ల మధ్యలో 'పహుంచే హువే లోగ్' అనే సినిమాకు స్వయంగా దర్శకత్వం వహించారు. తర్వాత ఇల్లు, వ్యాపారం చూసుకుంటూ ఉండిపోయారు.

ఆ తగ్గించుకున్న రోజుల్లోనే ఆయన చేసిన ఒక చిన్న వేషం మాత్రం మర్చిపోలేనిది. 1971లో హృషికేశ్ ముఖర్జీ తీసిన 'ఆనంద్'. చావు దగ్గర పడిందని తెలిసి కూడా నవ్వుతూ తిరిగే ఆనంద్‌గా రాజేష్ ఖన్నా. దారిన పోయే తెలియనివాళ్లను మురారీలాల్ అని పిలిచి పలకరించడం ఆనంద్ అలవాటు. అందరూ విసుక్కుంటారు. ఒక్కడే ఎదురు సరసమాడి, ఇంకో పేరుతో తిరిగి పలకరిస్తాడు. అతనే నాటక కంపెనీ నడిపే ఈసాభాయ్ సూరత్‌వాలా, అంటే జానీ వాకర్. అంతసేపూ నవ్వించిన ఆ ఈసాభాయ్ చివర్లో ఏడుస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆయన్ను చూసి నవ్విన జనం ఆ రోజు హాల్లో ఆయనతో పాటు ఏడ్చారు.

చివరి వేషం కూడా తాగుబోతుదే

ఏళ్ల తరబడి తెరకు దూరంగా ఉన్న ఆయన్ను మళ్లీ రప్పించింది కమల్ హాసన్. తమిళంలో తీసిన 'అవ్వై షణ్ముగి'ని హిందీలో 'చాచీ 420'గా స్వయంగా డైరెక్ట్ చేశారు. మాటలు గుల్జార్‌వి. ఆ తమిళ సినిమా మన దగ్గర 'భామనే సత్యభామనే' పేరుతో వచ్చింది కాబట్టి కథ తెలుగువాళ్లకు బాగా తెలుసు. అందులో హీరోను ఆడమనిషిగా మార్చే మేకప్ మనిషి జోసెఫ్ వేషం నగేష్ వేశారు. హిందీలో ఆ వేషానికి జానీ వాకరే కావాలని కమల్, గుల్జార్ ఇద్దరూ అడిగారు. ఆయన ఒప్పుకున్నారు.

1997లో సినిమా వచ్చింది. జుట్టు నెరిసింది, ఒళ్లు సన్నబడింది, గొంతు మాత్రం అదే. జోసెఫ్ కూడా మందు మనిషే. 1951లో గురుదత్ ఆఫీసులోకి తూలుతూ వచ్చినవాడు 46 ఏళ్ల తర్వాత అలాగే తూలుతూ తెర దిగాడు. ఈ మధ్యలో ఆయన గొంతులోకి చుక్క దిగింది లేదు.

2003 జూలై 29న ముంబైలో జానీ వాకర్ ఇంతెఖాల్ అయ్యారు. అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సంతాపం తెలిపారు. దేశమంతటా పత్రికలు ఆయన తెర పేరుతోనే వార్త రాశాయి. బద్రుద్దీన్ ఖాజీ అని రాస్తే ఎవరు పోయారో చాలామందికి తెలిసేది కాదు.

నెలకు 26 రూపాయలు తెచ్చిన రోజూ, డిస్ట్రిబ్యూటర్లు ఆయన పాట కోసం పట్టుబట్టిన రోజూ ఆ సంపాదన ఇంటికే చేరింది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ తిన్నారు, పిల్లలు చదువుకున్నారు. ఆ డబ్బు కోసం ఆయన ఎవరినీ కించపరచలేదు, ఇంట్లో ఆడపిల్లల ముందు వినలేని మాట ఒక్కటీ అనలేదు. అందుకే ఈ రోజుకీ ఆయన సినిమా టీవీలో వస్తుంటే దాదీ, బేటీ, మనవరాలు పక్కపక్కనే కూర్చుని చూడొచ్చు. రిమోట్ కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.